నోరు మూసుకొని అడుగు సారూ

ప్రూఫు కాగితాల్లో సగం దాకా నాకు కోపం రాలేదు. ఎగిరిపోయిన దీర్ఘాలు పెట్టుకుంటూ, తప్పిపోయిన ఒత్తులు దిద్దుకుంటూ తాపీగానే చదివాను. బడిలో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని, ఎర్ర కలం చేతిలో ఉంటే నాకు లోకం మీద ఏ ఫిర్యాదూ ఉండదు. కరీంనగర్‌లోని ఒక ప్రైవేటు చెవుల ఆసుపత్రి చరిత్ర అది. రాసింది నేనే. రాయమని అడిగింది ఇప్పుడు దాన్ని నడుపుతున్న చిన్న డాక్టరు, అంటే ఆసుపత్రి పెట్టిన పెద్ద డాక్టరు గారి కొడుకు. నేను రాసిచ్చిన పన్నెండు పేజీలను ఆయన మనుషులు కంప్యూటర్‌లో కొట్టించి, రంగుల బొమ్మలు చేర్చి, తప్పులు చూడమని తిరిగి పంపారు. మధ్య పేజీకి వచ్చేసరికి నేను రాసింది కొంత పోయి, నేను రాయని వాక్యాలు రెండు కనిపించాయి. "మరమగ్గాల కార్మికుల వినికిడి పరీక్షకు తువ్వాల పద్ధతిని డాక్టరు గారు తమ సునిశిత పరిశీలనతో స్వయంగా రూపొందించారు" అని ఒకటి. దాని కింద మా అవ్వ ఫొటో. అవ్వంటే మా అమ్మ. ఫొటో కింద రెండోది: "ఆసుపత్రి తొలి ఆయా."

అరికాలి మంట నెత్తికెక్కింది. ఎదురుగా మంచం మీద కూర్చుని అవ్వ అనపకాయలు ఒలుస్తోంది. ఎనభై దాటిన మనిషి. చెవులు పూర్తిగా పోయి చాలా ఏళ్లయింది కానీ కళ్లు మాత్రం నాకంటే చురుకు. తలెత్తి నన్ను చూసి, "ఎవలు సచ్చిండ్రే?" అంది. "ఎవ్వలు సావలే" అన్నాను. "మరి మొఖం గట్లెందుకు పెట్టినవ్?" అంది. ఏమీ లేదని చెప్పడానికి మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను. మా ఇంట్లో ఎవరికైనా అబద్ధం చెప్పాలంటే మొహం తిప్పుకోవడం తప్ప వేరే దారి లేదు. పెదవులు కనిపిస్తే అవ్వకు అన్నీ తెలిసిపోతాయి. ఆ విద్య ఆమెకు ఎక్కడిదో చెప్పాలంటే సిరిసిల్ల దాకా వెళ్లాలి, నా చిన్నతనం దాకా వెళ్లాలి.

మా బాపు, అంటే నాన్న, సిరిసిల్లలో ఒక ఆసామి దగ్గర సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. అవ్వ అదే షెడ్డులో మూలకు కూర్చుని నూలు కండెలు చుట్టేది. ఒక రేకుల షెడ్డు కింద ఇరవై ముప్పై సాంచాలు ఒక్కసారి కొట్టుకుంటుంటే ఆ చప్పుడు చెవులతో వినేది కాదు, పళ్లలో తెలిసేది. అన్నం గిన్నె పట్టుకుని షెడ్డు గుమ్మంలో నిలబడితే గిన్నె మీది మూత దానంతట అది కదిలేది. బట్టకు పట్టించే గంజి వాసన, సాంచాలకు పోసే నూనె వాసన, వాటి మధ్య బీడీల వాసన. ఆ చప్పుడులో అరిచినా లాభం లేదు కాబట్టి అక్కడ ఎవరూ అరిచేవారు కాదు. గొంతు అసలు వాడేవారే కాదు. నోరు బాగా తెరిచి, పెదవులు సాగదీసి, చప్పుడు లేకుండా మాట్లాడుకునేవారు. షెడ్డు ఈ కొస నుంచి ఆ కొసకు కూర ఏం వండారో, ఎవరి పిల్లకు సంబంధం కుదిరిందో అన్నీ అలాగే తెలిసిపోయేవి. దాన్ని మేము పెదవుల ముచ్చట అనేవాళ్లం.

చూసేవాళ్లకు అది సులభంగా కనిపిస్తుంది. కాదు. పాప, బాబ, మామ, ఈ మూడు మాటలూ పెదవుల మీద ఒకేలా ఉంటాయి, కావాలంటే అద్దం ముందు నిలబడి చూసుకోండి. అందుకని మామ అనేటప్పుడు మీసం తిప్పేవారు, పాప అనేటప్పుడు అరచెయ్యి నేలకు దగ్గరగా చూపించేవారు. ఒకసారి ఒకామె "మా మామ పోయిండు" అని అవతలి కొసకు చెప్పింది. వేములవాడ రాజన్న దగ్గరికి పోయిండని ఆమె ఉద్దేశం. పెదవులకు రాగం ఉండదు కదా, చచ్చిపోయిండని అర్థం చేసుకున్నారు. ఒక్కొక్క సాంచె ఆగింది. ఆడవాళ్లు నెత్తులు కొట్టుకుంటూ ఆమె ఇంటికి నడిచారు. సాయంత్రం బస్సు దిగి, గుండు మీద గంధం రాసుకుని, ప్రసాదం పట్టుకుని వచ్చిన మామ తన వాకిట్లో తన కోసమే శోకాలు పెడుతున్న జనాన్ని చూసి గుమ్మం దగ్గరే కూలబడ్డాడు. అప్పటినుంచి, బతికి ఉన్న మనిషి ఎక్కడికైనా పోతే వేలితో దారి కూడా చూపించాలని అవ్వ షెడ్డులో అందరికీ గట్టిగా చెప్పింది. ఆ మాట చెల్లింది కూడా. పెదవుల ముచ్చటలో ఆమె చెప్పిందే చట్టం.

ఇంటికి వచ్చినా ఆ అలవాటు పోయేది కాదు. పొద్దున పొయ్యి మీద జొన్న గట్క ఉడుకుతుంటే అవ్వ మమ్మల్ని గొంతుతో లేపేది కాదు. కాలితో తట్టి, కళ్లు తెరిచాక నోరు కదిలించేది. మేం ముగ్గురం పిల్లలం తినేటప్పుడు కొట్లాడుకున్నా చప్పుడు లేకుండానే కొట్లాడుకునేవాళ్లం. ఇరుగుపొరుగు వాళ్లు మమ్మల్ని ఎంత బుద్ధిమంతులో అనుకునేవారు. బడిలో మాత్రం నాకు దెబ్బలు పడ్డాయి. నేనూ నా పక్కపిల్లా పాఠం జరుగుతుంటే పెదవులతో ముచ్చట పెట్టేవాళ్లం, మా పంతులు చూసి, "ఏం జపం చేస్తున్నవే?" అని బెంచీ ఎక్కించాడు. బెంచీ ఎక్కాక ఇంకా సౌకర్యంగా ఉండేది, క్లాసు మొత్తానికి కనిపించేదాన్ని.

బాపుకు వినపడటం లేదని ఇంట్లో తెలిసింది కరెంటు పోవడం వల్ల. ఆయన పొద్దుగూకే వేళ పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, రేడియో పెట్టె మీద అరచెయ్యి ఆనించి కూర్చునేవాడు. పాటంటే ఇష్టం కాబోలు, ముద్దుగా చెయ్యి వేసి కూర్చుంటాడు అనుకునేవాళ్లం. పాటను ఆయన చేతితో వింటున్నాడని మాకేం తెలుసు. ఒకరోజు దీపాలు పోయాయి. అవ్వ "అగ్గిపెట్టె యాడ పెట్టినవ్?" అని అడిగింది. బాపు ఉలకలేదు, పలకలేదు. మళ్లీ అడిగింది. అలిగాడేమో అనుకుంది. తడుముకుని అగ్గిపెట్టె దొరికించుకుని దీపం వెలిగించి అదే మాట అడిగితే వెంటనే "గూట్లె ఉన్నది" అన్నాడు. అవ్వ దీపాన్ని నోటితో ఊది ఆర్పింది. చీకట్లో "మీ అమ్మ వచ్చింది" అంది. జవాబు లేదు. మళ్లీ వెలిగించింది, మళ్లీ ఆర్పింది. మాకు ఆటలాగా ఉండి నవ్వాం. మూడోసారి వెలిగించినప్పుడు అవ్వ నవ్వడం లేదు. "మీ బాపుకు చీకట్ల ఇనవడ్తలేదే" అంది నాతో.

ఆ మాట విచిత్రంగా ఉంది కదూ. కానీ అంతకంటే సరిగ్గా ఆ రోగం గురించి ఎవరు చెప్పగలరు? అప్పటికే కరీంనగర్‌లో చెవులకు మాత్రమే చూసే డాక్టరు వచ్చాడని బస్సుల్లో చెప్పుకుంటున్నారు. బోర్డు మీద ఇంగ్లీషులో ఏదో పొడుగు పేరు ఉండేది. జనం మాత్రం చెవుల దవాఖాన అనేవారు. నేను సెలవుల్లో ఉన్నాను కాబట్టి నన్నూ వెంట తీసుకెళ్లారు. వేములవాడ మీదుగా వెళ్లే బస్సు, నిండా గుండ్లవాళ్లు. దవాఖాన అంటే బస్టాండు వెనక సందులో అద్దెకు తీసుకున్న పెంకుటిల్లు. ముందు వసారాలో జనం, వెనక గదిలో డాక్టరు. స్పిరిటు వాసనకు, గోడకు కొత్తగా వేసిన సున్నం వాసన తోడైంది. డాక్టరు సన్నగా, కళ్లద్దాలతో, ఇంకా పెళ్లికొడుకులా ఉన్నాడు. కుర్చీ వీపు మీద గళ్ల తువ్వాల ఆరేసుకుని ఉండేవాడు, చెమట ఎక్కువ ఆయనకు.

బాపును ఎదురుగా కూర్చోబెట్టి పేరడిగాడు. బాపు చెప్పాడు. ఊరడిగాడు. "సిరిసిల్ల సారూ." గొంతు తగ్గించి, "ఎంతమంది పిల్లలు?" "ముగ్గురు సారూ." గొంతు ఇంకా తగ్గించి, నాకే సరిగ్గా వినపడనంత నెమ్మదిగా, "పొద్దున ఏం తిన్నవు?" "గట్క తిన్న సారూ." డాక్టరు నవ్వి కలం తీశాడు. "ఈయనకు నాకంటే మంచిగ ఇనవడుతుందమ్మా. చెవుల జర గులిమి ఉన్నది, మందు చుక్కలు రాస్తున్న" అన్నాడు. బాపు మొహం వెలిగిపోయింది. లేవబోయాడు. అప్పుడు మూలన నిలబడ్డ అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "సారూ, జర నోరు మూసుకొని అడుగు సారూ" అంది.

పక్క బల్ల దగ్గర కూర్చున్న కంపౌండరు లేచాడు. "ఏందే? డాక్టర్ సారునే నోరు మూసుకొమ్మంటవా? నడువు బయటికి!" అని అరిచాడు. అవ్వ హడలిపోయింది కానీ కదల్లేదు. "అయ్యో, గట్ల గాదయ్యా. నోటికి అడ్డం పెట్టుకోని అడుగుమంటున్న. గాయన ఇంటలేడు, సారు పెదవులు సూస్తుండు" అంది. డాక్టరు కంపౌండరును చేత్తో వారించాడు. కుర్చీ మీది తువ్వాల తీసి మొహానికి అడ్డం పట్టుకుని, మామూలు గొంతుతోనే, మొదట అడిగిన ప్రశ్నే అడిగాడు. "నీ పేరేంది?" బాపు తువ్వాల వైపు చూశాడు. తరువాత అవ్వ వైపు చూశాడు. తరువాత నా వైపు. తన పేరు అడుగుతున్నారని కూడా తెలియక నా దగ్గర సాయం వెతుక్కున్నాడు. ఎవరూ ఏమీ చెప్పకపోయేసరికి తల దించుకున్నాడు.

డాక్టరు చాలాసేపు చెవుల్లోకి చూశాడు, తలకు ఇనుప కడ్డీ ఆనించి చూశాడు. చివరికి తువ్వాల పక్కన పెట్టి బాపు కళ్లలోకి చూస్తూ, "లోపల నరం పోయింది. సాంచాల చప్పుడుకు పోయింది. దీనికి మందు లేదు. ఉన్నదని చెప్పితే నేను దొంగను" అన్నాడు. తిరుగు బస్సులో, సగం దారిలో బాపు అవ్వతో, "నలుగుర్ల నా పరువు తీసినవ్" అన్నాడు. "పరువు చెవుల ఉంటదా?" అంది అవ్వ. ఆయన ఆ మాట విననట్టుగా కిటికీ వైపు తిరిగాడు, అంటే నిజంగానే వినలేదు.

పది రోజుల తరువాత మా వీధిలో నలుగురికి పోస్టు కార్డులు వచ్చాయి. అంతకుముందు చెవుల దవాఖానకు వెళ్లి, ఏ రోగమూ లేదని చెప్పించుకుని, చుక్కల మందుతో సంతోషంగా తిరిగొచ్చినవాళ్లు వాళ్లు. చదువు రాక ఆ కార్డులు నా దగ్గరికి తెచ్చారు. నాలుగింటిలోనూ ఒకటే ఉంది. "మీ చెవులు బాగున్నవని చెప్పినాను. తప్పు నాది. ఫీజు లేకుండ చూస్తాను, మళ్లీ రండి." ఆ ఉత్తరం నేను వీధి అరుగు మీద నాలుగుసార్లు పెద్దగా, పెదవులు బాగా కదిలిస్తూ చదివాను. ఒక డాక్టరు తన తప్పును రెండు వైపులా అందరికీ కనిపించే కార్డు మీద రాసి పంపడం నేను ఆ తరువాత ఎక్కడా చూడలేదు. ఆ నలుగురితో పాటు అవ్వను కూడా రమ్మని కబురు పంపాడు. అలా మొదలైంది ఆమె ఉద్యోగం. మొదట వారానికి రెండు రోజులు బస్సులో పోయి వచ్చేది. తరువాత మేమే కరీంనగర్ చేరాం.

ఆయా పని చిన్నదని నేననను. అవ్వ ఆ పెంకుటిల్లు ఊడ్చింది, తుడిచింది, సూదులు ఉడకబెట్టింది, వాంతులు ఎత్తింది. అది చేశాక మిగిలిన పొద్దంతా ఇంకో పని చేసేది, దానికి పేరు లేదు. తువ్వాల పరీక్ష మొదలైన కొత్తలో పెద్ద గొడవైంది. డాక్టరు మొహానికి అడ్డం పెట్టుకోవడం చూసి, తమ చెవులు కంపు కొడుతున్నాయని ముక్కు మూసుకుంటున్నాడని జనం అనుకున్నారు. ఒక రైతు తలపాగా విదిలించుకుని లేచి, "మా చెవులు కంపు గొడ్తే నీ దవాఖాన ఎందుకయ్యా?" అని వెళ్లిపోబోతే అవ్వ సందు చివరి దాకా పరిగెత్తి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. అప్పటినుంచి వసారాలోనే ఒక్కొక్కరికీ ముందుగా విడమరిచి చెప్పి లోపలికి పంపేది. పెదవులు చదివేవాళ్లను మొహం చూసే గుర్తుపట్టేది. "గీమె నోరు సూస్తది, జాగ్రత్త సారూ" అని తలుపు సందులోంచి చెప్పేది. తువ్వాల అడ్డం పెట్టినా ఒకాయన సరిగ్గా జవాబులిస్తుంటే డాక్టరు ఆశ్చర్యపోయాడు. అతని వెనక నిలబడ్డ భార్య పెదవులను మందుల బీరువా అద్దంలో చూస్తున్నాడని పట్టుకుంది అవ్వే.

మందు లేదని డాక్టరు చెప్పేశాక మనుషులు అవ్వ దగ్గరికి వచ్చేవారు. వెనక వరండాలో చాప వేసుకుని కూర్చునేది. గోదావరిఖని బొగ్గుబావుల నుంచి వచ్చేవారు, బోథ్ నుంచి మరాఠీ కలిపి మాట్లాడే రైతులు వచ్చేవారు, మా సిరిసిల్లవాళ్లు సరేసరి. చెవులు పోయినవాళ్లకు కాదు, వాళ్ల ఇంటివాళ్లకు నేర్పేది. వెలుతురు నీ మొహం మీద పడేటట్టు కూర్చో, తింటూ మాట్లాడకు, నోటికి కొంగు అడ్డం పెట్టుకోకు, అరవకు. ఒక బావి కార్మికుడి భార్యకు చెవులు పోయాయి. ఆయన మీసం పై పెదవిని దాటి కింది పెదవి మీదికి దిగి ఉండేది. అవ్వ ఆయన్ని తేరిపార చూసి, "మీసం కత్తిరియ్యి" అంది. ఆయన ఒప్పుకోలేదు, బావిలో అందరూ తనను మీసాల పేరుతోనే పిలుస్తారన్నాడు. "నీ మాటకు నీ పెండ్లాం నవ్వి ఎన్నొద్దులాయె?" అంది అవ్వ. మరుసటి నెల నున్నగా గీయించుకుని వచ్చాడు. ఆయన ఏదో చిన్న మాట అన్నాడు, భార్య పకపకా నవ్వింది. వరండాలో అందరం ఆమెతో పాటు నవ్వాం, మాకు ఏమన్నాడో తెలియకపోయినా.

అవ్వ పేరు నర్సవ్వ. దూరం నుంచి వచ్చినవాళ్లు ఆ పేరు విని ఆమె నర్సు అనుకునేవారు. "నర్సవ్వ ఉన్నదా?" అని అడిగితే కంపౌండరుకు ఒళ్లు మండి, "ఆమె నర్సు గాదు" అనేవాడు. "పేరే గదయ్యా, నేనేం జేద్దు" అనేది అవ్వ. తరువాత పరీక్షకు మిషను వచ్చింది, దానికో గాజు కిటికీ ఉన్న గది కట్టారు. లోపల కూర్చున్నవాళ్లు చప్పుడు వినిపించినప్పుడల్లా వేలెత్తాలి. మొదటి వారం అందరికీ చెవులు బ్రహ్మాండంగా ఉన్నట్టు కాగితం వచ్చింది. అవ్వ గది ఊడుస్తూ చూసి, "గాయన మీ చెయ్యి సూస్తుండు సారూ, మీరు మీట ఒత్తినప్పుడల్ల ఏలెత్తుతుండు" అంది. డాక్టరు తల పట్టుకుని నవ్వాడు. ఆ రోజే లోపలి కుర్చీని గోడ వైపు తిప్పేశారు. ఇతర ఊళ్ల డాక్టర్లు చూడటానికి వస్తే ఆయన అవ్వను పిలిచి, "ఈమె మా గురువు. పుస్తకంల చదివి పరీక్ష పాసైన ముచ్చటే, పేషెంటు ముందల మర్చిపోతే గుర్తు చేసింది" అనేవాడు. వాళ్లు మర్యాదకు నవ్వేవారు. ఆయన నవ్వేవాడు కాదు.

పాత రోజులే బంగారమని నేననను. అప్పుడు మందు లేదని చేతులెత్తేసిన చెవులకు ఇప్పుడు గింజంత మిషను పెట్టి వినిపిస్తున్నారు. పుట్టు చెవుడు ఉన్న పసిపిల్లలు అమ్మా అని పిలుస్తున్నారు. పెద్ద డాక్టరు ఉంటే ఎంత మురిసిపోయేవాడో. కానీ మొన్న ఆ ఆసుపత్రి ఇప్పుడుంటున్న అద్దాల భవనానికి వెళ్లినప్పుడు చూశాను. గాజు వెనక మాస్కు కట్టుకున్న అమ్మాయి మైకులో పేర్లు పిలుస్తోంది. చెవుల ఆసుపత్రిలో! ఒక ముసలి నేత కార్మికుడి పేరు మూడుసార్లు పిలిచి, పలకలేదని పక్కన పెట్టేసింది. ఆయన ఆమె మొహం వైపే చూస్తూ కూర్చున్నాడు, పాపం, మాస్కు మీద ఏం కనిపిస్తుంది. నేను లేచి ఆయన భుజం తట్టి లోపలికి పంపి, ఆ అమ్మాయిని నాలుగు మాటలన్నాను. తప్పు ఆమెది కాదని తెలుసు. ఆమెకు చెప్పే మనిషి అక్కడ లేదు.

ఆ ప్రూఫు చూసిన రోజే చిన్న డాక్టరుకు ఫోను చేశాను. ఆదివారం ఇంటికే వచ్చాడు, పండ్ల బుట్ట, శాలువ పట్టుకుని. మంచివాడే, పెద్దలంటే గౌరవం ఉన్నవాడే. అవ్వ కాళ్లకు దండం పెట్టి, నా ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. అవ్వ పక్కనే మంచం మీద ఉంది.

"మేడం, ఈ పుస్తకం పెద్ద పెద్ద డాక్టర్లు చదువుతరు. చదువు రాని ఒకామె చెప్పేదాంక మా నాన్నకు తెల్వదంటే ఎట్లుంటది చెప్పండి. పరీక్ష చేసేటప్పుడు నోరు కనపడొద్దని మా పుస్తకాల్లో మొదటే ఉంటది."

"పుస్తకంల ఉన్నదాన్ని మీ నాన్న స్వయంగా రూపొందించిండని ఎట్ల రాస్తరు మరి?" అన్నాను.

కొంచెం తడబడ్డాడు. "సరే, ఆయా అని వద్దు. సహాయకురాలు అని పెడదాం. జర మీరే అడ్జస్ట్ చెయ్యాలె." తరువాత అవ్వ వైపు ఒకసారి చూసి, నా వైపు వంగి, "అయినా ఆమెకు ఇవన్ని ఎట్ల తెలుస్తయి మేడం? చెవులు ఇనవడయి గద. ఫంక్షన్ల శాలువ కప్పుతే సంతోషపడుతరు" అన్నాడు.

గొంతు తగ్గించే అన్నాడు. కానీ అవ్వకు మూడడుగుల దూరంలో, వెలుతురు నిండా మొహం మీద పడేలా కూర్చుని అన్నాడు.

అవ్వ ఒడిలోని అనపకాయల చాటను పక్కన పెట్టింది. "కప్పుతే సంతోషపడ్త గని కొడుకా, ఎందుకు కప్పుతున్నవో గది చెప్పు" అంది. తన గొంతు తనకు వినపడదు కాబట్టి ఆమె మాట్లాడితే వీధి చివరి దాకా వెళుతుంది. ఆయన మొహంలో నెత్తురు లేదు.

"చెవుల డాక్టరువు. నా ముందల కూసోని నోరు తెరిచి మాట్లాడి, ఇనవడదంటవా? నా పేరు రాస్తవో తీసేస్తవో నీ ఇష్టం. చీపురు పట్టిన, గది నిజమే. ఆయా అంటే నాకేం నామోషి లేదు. గని మీ బాపు తప్పు చేసిండు, చేసిన్నని ఒప్పుకున్నడు. మా వాడకు కార్డులు రాసిండు. గసొంటి మనిషిని నేను మల్ల చూడలే. గాయన తప్పే చెయ్యలేదని నువ్వు రాస్తే, ఒప్పుకున్నది యాడ పోతది? నన్ను చిన్నగ చేస్తున్ననని అనుకుంటున్నవు కొడుకా. మీ బాపును చేస్తున్నవు."

చిన్న డాక్టరు చేతిలోని శాలువ అంచు మడత పెడుతూ, విప్పుతూ కూర్చున్నాడు. లేచేటప్పుడు "చూస్తాను" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. శాలువ తీసుకునే వెళ్లాడు.

పుస్తకం వచ్చింది. మంచి కాగితం, మంచి అచ్చు. నేరుగా మధ్య పేజీ తీశాను. ఆ రెండు వాక్యాలూ లేవు. తువ్వాల ముచ్చటే లేదు, కార్డులు లేవు, వరండా లేదు, మా అవ్వ ఫొటో లేదు. ఆ చోటులో కొత్త మిషను బొమ్మ వేశారు. నా రక్తం ఉడికిపోయింది. ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ నోటికొచ్చినట్టు తిట్టాను, అవ్వకు కనిపించేలాగే తిట్టాను.

"అబద్ధం పోయిందా?" అంది అవ్వ.

"పోయింది."

"నిజమో?"

"అది గూడ పోయింది."

"గది రాసుడు నీ పని గద. వాణ్ణెందుకు తిడుతున్నవ్?"

వాళ్ల పుస్తకం మూసేసి, తెల్లకాగితాలు తెచ్చుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాను. వాళ్లకు రాసిచ్చిన పన్నెండు పేజీల్లో ఉన్నదే, ఇప్పుడు ఎవరి అనుమతీ లేకుండా మళ్లీ మొదలుపెట్టాను. "నా దిక్కు తిరిగి సదువు" అంది. తిరిగి చదివాను. ఒక నేత కార్మికుడు చెవుల దవాఖానకు వచ్చాడు, అతని వెంట వచ్చిన నర్సవ్వ చెప్పేదాకా డాక్టరుకు తెలియలేదు, తెలిశాక ఆయన దాచలేదు.

అవ్వ చెయ్యెత్తి ఆపింది. "ఒక నేత కార్మికుడేందే? ఎవలు వాడు? చెవులు పోయింది ఎవలయి? గా గదిల తల దించుకున్నది ఎవలు? నాకు కొలువైంది, డాక్టరుకు పేరొచ్చింది, నువ్వు సదువుకున్నవ్. గాయనకు ఏమొచ్చింది?"

నేను కావాలనే దాచాను. బాపు ఆ రోజు సంగతి బతికినన్నాళ్లూ ఎవరికీ చెప్పనివ్వలేదు, అవ్వను పూర్తిగా క్షమించనూ లేదు. ఆయన పరువు కాపాడుతున్నాననుకున్నాను. చిన్న డాక్టరు తన తండ్రికి చేసింది కూడా సరిగ్గా అదే.

"గాయన పేరు రాయి" అంది అవ్వ.

ఆయన పేరు దూడం రాజయ్య. సిరిసిల్లలో సాంచాలు నడిపాడు. ఆయనకు వినపడేది కాదు.